గోపాలపురంలో బొగ్గుల పొయ్యి

బరంపురం నుండి గోపాలపురం సముద్రతీరానికి సుమారు 15 కిలోమీటర్లు. ఒకనాడు మనవారు రంగూను ఓడలెక్కిన రేవు అది. మొన్న సెలవులకు మేము ఇంటిల్లిపాదీ అక్కడి అక్కయ్యగారింటికి వెళ్లాము.

పెరట్లో గ్యాస్ గ్రిల్లు ఒకటి ఉంది. ఉప్పుగాలికి బర్నర్లు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. పాత ఇనుముకు వేద్దామంటే అక్కయ్య ఒప్పుకోలేదు. దూరదేశం వెళ్లిన మేనల్లుడు మొదటి జీతంతో కొన్నదట.

"బర్నర్ల మీదనే బొగ్గులు పోస్తే సరి!" అన్నారు బావగారు.

"వద్దు బావగారూ" అని అడ్డుపడ్డాము. ముందుగా సిలిండరు, రబ్బరు గొట్టం, బర్నర్లు అన్నీ ఊడదీసి దూరంగా పెట్టించాము. పెట్టె అల్యూమినియంది, అది 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. గాలి తగిలిన బొగ్గుల వేడి అంతకు మించగలదు. అందుచేత అడుగునా పక్కలా కొలిమి ఇటుకలు పేర్చి, పైన కాళ్లున్న ఇనుప జల్లెడ నిలిపాము. కింది నుండి గాలి ఆడితేనే బొగ్గు రగులుతుంది. బొగ్గులు విడిచే విషవాయువుకు వాసన ఉండదు గనుక, వాన తుంపర పడినా వసారాలోకి తేనీయలేదు.

సాయంకాలం మొక్కజొన్న పొత్తులు కాల్చాము. అక్కయ్య మొదటి పొత్తు పక్కన పెట్టి, "వాడొచ్చినప్పుడు మళ్లీ వెలిగిద్దాం" అన్నది. బావగారు మారుమాటాడక బూడిద ఎత్తసాగారు.