వెళ్లినవాళ్లను లెక్కపెట్టినవాడు

2023 ఆగస్టులో నేను రాసిన రెండు పేజీలు ఇప్పటికీ మా వాళ్ల దగ్గర భద్రంగా ఉన్నాయి. పారేయమంటే పారేయరు. ఎవరింట్లో భోజనాలకు కలిసినా ఒకడు ఫోన్ తీసి అందులోంచి రెండు వాక్యాలు పైకి చదువుతాడు.

సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్‌లోనో బాతెల్‌లోనో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లకు ఆటంటే ఎక్కువగా క్రికెట్టే. మాది కాస్త తేడా బ్యాచ్. శనివారం యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్ ఆట ఉందంటే సరస్సు ఒడ్డునున్న హస్కీ స్టేడియానికి చేరుకుంటాం. సీజనుకు ముందు జట్టు బలాబలాలు రాసి అందరికీ పంపడం నా వంతు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ గురించి ఎవడైనా రాస్తాడు, నేను అఫెన్సివ్ లైన్ గురించి రాస్తానన్నాను. ఆట నాకు లోతుగా తెలుసని చూపించుకోవాలనే యావ తప్ప అందులో వేరే కారణం లేదు.

ఈ లైన్‌లో ఐదుగురుంటారు. నడుమ సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డులు, చివర్లలో టాకిల్స్. బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు అందించేది సెంటరే. ఆ తర్వాత ఐదుగురి పనీ ఎదుటివాళ్లను ఆపడమే. వీళ్ల పేరు మీద పరుగులుండవు, పాయింట్లుండవు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే ఎదుటివాళ్ల చేతికి చిక్కి కింద పడితే దాన్ని శాక్ అంటారు. అప్పుడు మాత్రం అందరూ వీళ్ల వైపే చూస్తారు.

2022లో వాషింగ్టన్ పదకొండు ఆటలు గెలిచి రెండే ఓడింది. క్వార్టర్‌బ్యాక్ మైకెల్ పెనిక్స్ ఒంటి మీద దుమ్ము పడనివ్వలేదు ఆ లైన్. సీజను మొత్తంలో శాకులు పది కూడా లేవు. ఆ ఏడాది అయిపోగానే లోపలి ముగ్గురూ, అంటే గార్డులు కర్క్‌లాండ్, బైనివాలు, సెంటర్ లూసియానో, వెళ్లిపోయారు. మిగిలింది టాకిల్స్ ఇద్దరే: ఎడమన ట్రాయ్ ఫౌటాను, కుడిన రోజర్ రోజెన్‌గార్టెన్. ఐదులోంచి మూడు తీసేస్తే రెండు. నా విశ్లేషణ అంతా ఈ తీసివేతే. ‘చివరలు గట్టివి, నడుమ డొల్ల’ అని రాశాను.

అది చాలదన్నట్టు ఇంకో రెండు ముక్కలు చేర్చాను. లోపలి స్థానాలకు పోటీ పడుతున్న పార్కర్ బ్రెయిల్స్‌ఫర్డ్ బరువు 275 పౌండ్ల దరిదాపుల్లో ఉంది. మూడొందలు దాటినవాళ్ల మధ్య ఇతను నలిగిపోతాడని తేల్చేశాను. రెండోది మరీ ఘోరం. క్వార్టర్‌బ్యాక్‌కు వీపు వెనక కనపడని వైపును కాచేది ఎడమ టాకిల్ కాబట్టి జట్టు ప్రాణమంతా ఫౌటాను చేతిలో ఉందని రాశాను. పెనిక్స్‌ది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో విసిరేవాడి వీపు కుడివైపుకు తిరిగి ఉంటుంది, కాబట్టి అతని వెనక కాపలా రోజెన్‌గార్టెన్‌ది. ఏడాదంతా ఆ ఎడమచేతి విసురుడే కళ్లారా చూసి, రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ఎక్కడో చదివిన సూత్రం దించేశాను. మా వాళ్లు ఇప్పటికీ పైకి చదివేది ఈ వాక్యమే.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. సీజను మొదట్లోనే సెంటర్ మటేయో మెలేకు గాయమైంది. గార్డుగా మొదలుపెట్టిన బ్రెయిల్స్‌ఫర్డ్‌ను సెంటర్‌కు జరిపారు. నేట్ కలెపో, జూలియస్ బ్యూలో గార్డులయ్యారు. నేను డొల్ల అన్న ఆ నడుముతోనే జట్టు వరసగా పద్నాలుగు ఆటలు గెలిచి, 2024 జనవరి 8న హ్యూస్టన్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆడింది. మిషిగన్ చేతిలో 34–13తో ఓడింది, అది వేరే సంగతి. దేశంలోకెల్లా మంచి లైన్‌కు ఇచ్చే జో మూర్ అవార్డు ఆ ఏడాది వీళ్లదే. ఆ అవార్డు ఒక మనిషికి ఇచ్చేది కాదు, మొత్తం లైన్‌కు ఇచ్చేది. అది తెలిసీ నేను ఒక్కొక్కణ్నీ విడివిడిగా తూకం వేశాను.

నేను చూడాల్సింది ఇంకోటి ఉంది. కలెపో, బ్యూలో, ఫౌటాను ముగ్గురూ 2019లో ఒకేసారి చేరినవాళ్లు. 2017 నుంచీ లైన్ కోచ్ స్కాట్ హఫ్ ఒక్కడే. అంటే ‘కొత్తవాళ్లు’ అని నేను కొట్టిపారేసిన గార్డులు నాలుగేళ్లుగా అదే గురువు దగ్గర, అదే ఫౌటాను పక్కన సాధన చేస్తున్నారు. బ్యూలో అయితే 2021లోనే కొన్ని ఆటలు మొదటి ఐదుగురిలో ఆడాడు. వెళ్లినవాళ్లను లెక్కపెట్టానే గానీ, వాళ్ల వెనక బెంచీ మీద ఎవరు ఎన్నాళ్లుగా కూర్చున్నారో చూడలేదు.

ఇక్కడితో బుద్ధి వచ్చి ఉంటే బాగుండేది. వచ్చింది గానీ తలకిందులుగా వచ్చింది.

ఆ 2024 జనవరిలోనే హెడ్ కోచ్ కేలెన్ డిబోర్ అలబామాకు వెళ్లిపోయాడు. బ్రెయిల్స్‌ఫర్డ్ కూడా అక్కడికే. కలెపో, బ్యూలో ఓల్ మిస్ యూనివర్సిటీలో తేలారు. ప్రొఫెషనల్ జట్ల డ్రాఫ్టులో ఫౌటానును పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మొదటి రౌండులో, రోజెన్‌గార్టెన్‌ను బాల్టిమోర్ రేవెన్స్ రెండో రౌండులో ఎగరేసుకుపోయారు. హఫ్ కూడా చివరికి సీహాక్స్‌లో చేరాడు. ఐదుకు ఐదుగురూ పోయారు, నేర్పినవాడూ పోయాడు. కిందటేడు నవ్వులపాలైన నేను ఈసారి తెలివిగా రాశాననుకున్నాను: ‘పోయినేడూ పోయారనే ఏడ్చాం, ఏమైంది? ఈసారీ ఏం కాదు.’ కాలేజీ మారే ఆటగాళ్ల ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వచ్చినవాళ్లను చూపించాను. శాన్ డియెగో స్టేట్ నుంచి అజోపార్డి, ఒహాయో స్టేట్ నుంచి విమాహి, పోర్ట్‌లాండ్ స్టేట్ నుంచి టిటియాలి. వాళ్లు పాత జట్లలో ఆడిన ఆటలన్నీ కూడి, ‘అనుభవానికి కొదవ లేదు’ అన్నాను. ముందేడు తీసివేత, ఈ ఏడు కూడిక.

అనుభవం అలా కూడితే వచ్చేది కాదని చెడుగుడు ఆడినవాడికి ఒకడు చెప్పాలా? చేతులు పట్టుకున్న గొలుసులో ఎంత బలవంతులున్నా, పక్కవాడు ఎప్పుడు ముందుకు దూకుతాడో తెలియకపోతే కూతకొచ్చినవాడు ఆ సందులోంచే జారిపోతాడు. లైన్‌లోనూ దెబ్బ తగిలేది ఆ సందు దగ్గరే. ఎదుటివాళ్లు ఇద్దరు అడ్డంగా తారుమారవుతారు, టాకిల్ మీదికి రావాల్సినవాడు లోపలికి దూరి, లోపలివాడు బయటికి చుట్టి వస్తాడు. అప్పుడు టాకిల్ తన మనిషిని గార్డుకు అప్పజెప్పి, గార్డు వదిలినవాణ్ని తను అందుకోవాలి. అరక్షణంలో జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోడంలో మాటలకు వ్యవధి ఉండదు. పరాయి మైదానంలో అయితే జనం హోరులో పిలిచినా వినపడదు. పక్కవాడి భుజం ఒరిగే తీరును బట్టే తెలిసిపోవాలి. మొన్న వసంతంలో పరిచయమైనవాడి భుజం అంత మాట్లాడదు.

2024లో జట్టు ఆరు గెలిచి ఏడు ఓడింది. నవంబరు 30న యూజీన్‌లో ఆరెగాన్ 49–21తో చితక్కొట్టింది. పది శాకులు! అన్నీ లైన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. క్వార్టర్‌బ్యాక్ డెమండ్ విలియమ్స్ మొదటి ఏడాది కుర్రాడు, ఆట మొదటినుంచీ బరిలో దిగడం అతనికదే తొలిసారి. పెనిక్స్ అయితే ఎక్కడికి విసరాలో ముందే పోల్చుకుని బంతి వదిలేసేవాడు. 2022లో శాకులు అంత తక్కువ కావడంలో అతని వాటా ఎంతో నేనెన్నడూ ఆలోచించలేదు. ఈ సంగతి తట్టేసరికి నా పాత పేజీల్లో మిగిలిన ఒకటి రెండు మంచి వాక్యాలు కూడా చెల్లకుండా పోయాయి.

ఇప్పుడు రాసేముందు నేను చూసేవి వేరు. లైన్ కోచ్ మారాడా? రెండో వరసలో ఉన్నవాడు మొదటి వరసవాడి పక్కన ఎన్ని సాధనల్లో నిలబడ్డాడు? సెంటర్‌కు దెబ్బ తగిలితే జరిగేది ఎవరు? బరువులు, హైస్కూలు రోజుల్లో ఇచ్చిన రేటింగ్ నక్షత్రాలు చివర్న చూస్తాను, కొన్నిసార్లు చూడను. దీంతో జోస్యాలు నిజమవుతున్నాయని కాదు. తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో మాత్రం పట్టుకోగలుగుతున్నాను.

2025 సీజనుకు ముందు రాసినప్పుడు హ్యాచెట్ అన్నదమ్ముల దగ్గర ఆగాను. తమ్ముడు లాండెన్ మోకాలి గాయం నుంచి తేరుకున్నాడు. అన్న గీరన్ ఓక్లహామా వెళ్లి మళ్లీ సొంతగూటికి వచ్చాడు. ఒకరు సెంటర్, ఒకరు గార్డు అయితే ఆ ఒక్క సందు గురించి దిగులు ఉండదు, ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు కదా అని రాశాను. పేజీలు పంపిన సాయంత్రమే మా బ్యాచ్‌లోని గుంటూరు మిత్రుడు ఫోన్ చేశాడు.

“అన్నదమ్ములు పక్కపక్కనుంటే సర్దుకుపోతారని నీకెవరు చెప్పారు గురూ? మా ఊళ్లో గట్టు తగాదాలన్నీ వాళ్లవే.”