కోరింగలో లైట్ వెర్షన్ చెట్లు

కాకినాడ వెళ్తే కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద ఓ గంట నడవండి. బురదలోంచి పెన్సిళ్లలా పొడుచుకొచ్చినవి అవిసెన్నియా ఊపిరి వేళ్లు. ఊతకర్రల్లాంటి వేళ్ల మీద నిలబడ్డది రైజోఫోరా. రెండూ తాగేది ఉప్పునీరే, లోపలి కోడ్ మాత్రం వేరు. రైజోఫోరాకి 18 జతల క్రోమోజోములు. అవిసెన్నియా మెరీనాకి 31 జతలని 2021లో మన దేశ శాస్త్రవేత్తలు తేల్చారు. దాని జీనోమ్ సుమారు 46 కోట్ల అక్షరాలు. మనిషిది 300 కోట్ల పైనే! తమను తామే కాపీ చేసుకుంటూ పెరిగే డీఎన్‌ఏ ముక్కల్ని మడజాతులు చాలావరకు వదిలించుకున్నాయి. అంత చిన్న కోడ్‌లోనూ ఉప్పుకు స్పందించే జన్యువులు 3,246 దొరికాయి. ఉప్పు ఎక్కుతున్న తీరం పొలాల్లో నిలబడే పంటలకి ఇవి దారి చూపొచ్చు. మడ నరికేస్తే ఆ దారీ మూసుకుపోతుంది.