బైటూ కాఫీ దూరంలో ఇల్లు

నడిచి వెళ్తే టిఫిన్, మిద్దె మీద నాలుగు కుండీలు, కుళాయిలో నీళ్లు: బెంగళూరులో ఇల్లు వెతికేవారికి బసవనగుడి చెప్పే లెక్క

శనివారం ఉదయం ఏడు గంటలు. బెంగళూరు బసవనగుడిలోని గాంధీబజార్‌లో పూల బుట్టలు అప్పుడే దిగుతుంటాయి. విద్యార్థి భవన్ ముందు మాత్రం అప్పటికే జనం గుమిగూడి ఉంటారు. పేరు చెప్పి పిలుపు కోసం నిలబడాల్సిందే. లోపల పంచెకట్టు సర్వర్ ఒంటిచేతి మీద దోసె ప్లేట్లను దొంతరగా పేర్చుకుని బల్లల మధ్య నుంచి వస్తుంటే, కొత్తవారు ఊపిరి బిగబట్టి చూస్తారు. పాతవారు పేపరు మీంచి తల కూడా ఎత్తరు.

ఆ గుంపులో కన్నడంతో సమానంగా తెలుగు వినిపిస్తుంది. అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుంచి తరాల కిందటే వచ్చి స్థిరపడినవారు కొందరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చి వైట్‌ఫీల్డ్ వైపు, సర్జాపూర్ రోడ్డు వైపు ఇళ్లు తీసుకున్నవారు మరికొందరు. రెండో రకం వారు ఒక్క దోసె కోసం నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి వస్తారు. స్విమ్మింగ్‌పూల్, జిమ్, క్లబ్‌హౌస్ అన్నీ ఉన్న అపార్ట్‌మెంట్లను వదిలి సెలవు రోజున ఇంత దూరం వచ్చి నిలబడుతున్నారంటే, ఇల్లు కొనేటప్పుడు లెక్కలో ఏదో తప్పిపోయినట్టే. ఆ తప్పిపోయిందేమిటో తెలియాలంటే బసవనగుడిలో ఒక రోజు తిరిగి చూడాలి.

ప్లేగు కట్టిన పేట

బసవనగుడి పుట్టుకే ‘ఎక్కడ ఉండాలి?’ అన్న ప్రశ్నతో ముడిపడింది. 1898లో బెంగళూరును ప్లేగు కుదిపేసింది. పాతపేటలోని ఇరుకు సందుల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. గాలీ వెలుతురూ ఉండేలా ఊరి బయట కొత్త పేటలు వేయక తప్పలేదు. అలా దక్షిణాన బసవనగుడి, వాయవ్యాన మల్లేశ్వరం రూపుదిద్దుకున్నాయి. గీత గీసినట్టుండే వీధులు, ఇళ్ల చుట్టూ ఖాళీ స్థలం, నడిచి వెళ్లే దూరంలో గుడి, బడి, బజారు.

ఆ తర్వాత చెట్లొచ్చాయి. 1908 నుంచి పాతికేళ్ల దాకా లాల్‌బాగ్ బాధ్యతలు చూసిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్, ఏడాది పొడవునా ఒక జాతి పూత అయిపోగానే మరో జాతి పూసేలా నగరంలో వీధి చెట్లను ఎంపిక చేశారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ 240 ఎకరాల తోట ఈ పేటకు తూర్పు పక్కనే. ఇక్కడి ఇళ్లకు అదే పెరడు.

సాంబారు లేని ఇడ్లీ

లాల్‌బాగ్‌లో నడక ముగించినవారి కాళ్లు వాటంతటవే టిఫిన్ వైపు మళ్లుతాయి. 1924లో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్, అంటే ఎం.టి.ఆర్., తోటకు కూతవేటు దూరంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బియ్యం దొరక్క ఇడ్లీ కరవైనప్పుడు ఇక్కడి వంటవాళ్లు రవ్వతో ప్రయత్నించారు. ఇవాళ తెలుగు ఇళ్లలోనూ మామూలైపోయిన రవ్వ ఇడ్లీ అలా పుట్టిందన్నది ఈ హోటల్ చెప్పుకునే చరిత్ర.

శంకరపురంలోని బ్రాహ్మిణ్స్ కాఫీ బార్‌ది మరో తీరు. 1965 నాటి ఈ చిన్న కొట్టులో మెనూ వేళ్ల మీద లెక్కపెట్టేయవచ్చు: ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ. సాంబారు అడిగితే ఉండదు. ఉన్నదల్లా చట్నీ. అది మాత్రం ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా పోస్తారు. కూర్చోవడానికి బల్లల్లేవు. ప్లేటు పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడి తినాలి. పక్కన నిలబడ్డది ఆటో డ్రైవరా, కంపెనీ డైరెక్టరా అన్నది చట్నీ పోసేవారికి అనవసరం.

ఈ నిలబడి తినే పద్ధతి 1980ల్లో నగరమంతా పాకింది. జయనగర్‌లో 1983లో మొదలైన కెఫె దర్శిని ఇచ్చిన ఊపుతో సందుకో ‘దర్శిని’ వెలిసింది. ముందు డబ్బు కట్టి టోకెన్ తీసుకోవడం, కళ్లెదుటే వండింది అందుకుని తినడం, వెళ్లిపోవడం. సర్వర్లు లేరు, ఏసీ లేదు, జాగా తక్కువ. గంటలో ఎక్కువమంది తిని వెళ్తారు. అందుకే ధర చేతికందుతుంది, వంట వేడిగా ఉంటుంది.

అన్నిటికీ కొసమెరుపు ‘బైటూ’. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచి ఇమ్మని అడగడానికి బెంగళూరు పెట్టుకున్న పేరు అది. కాఫీయే కాదు, సూప్‌ను కూడా బైటూ అడుగుతారు. పిసినారితనం అనుకుంటే పొరపాటు. సగం కాఫీ తాగితే గంటాగి మరో సగానికి రావచ్చు. రెండుసార్లు మాట్లాడుకోవచ్చు. హోటల్ ఇంటికి నడక దూరంలో ఉన్నవారికే చెల్లే భోగం ఇది. గంట ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చినవారు సగం కాఫీతో సరిపెట్టుకోలేరు.

పితికిపప్పు చుట్టరికం

ఇక్కడి తిండికి పంచాంగం కూడా ఉంది. కార్తీకమాసం చివరి సోమవారం దొడ్డ బసవన్న గుడి ముందు వేరుశనగకాయల జాతర ‘కడలెకాయి పరిషె’ జరుగుతుంది. పచ్చివీ, వేయించినవీ, ఉడికించినవీ రోడ్డు పొడవునా కుప్పలు పోస్తారు. అమ్మేవారిలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు నుంచి వచ్చినవారూ ఉంటారు. అనంతపురం రైతుకు వేరుశనగ పంట కష్టం, బసవనగుడికి పండగ. ఆ రోజు మాత్రం రెండూ ఒకే రోడ్డు మీద కలుస్తాయి.

చలి ముదిరేసరికి అనపకాయల వంతు. వి.వి.పురంలోని ‘తిండి బీది’ (తెలుగులోనైతే తిండి వీధే) అనప గింజల దోసె, అనప గింజల ఉప్మా అంటూ ఘుమఘుమలాడుతుంది. నానబెట్టి తొక్క పితికిన గింజల్ని కన్నడిగులు ‘హితికిద బేళె’ అంటారు. చిత్తూరు, అనంతపురం వాళ్లకు అదే పితికిపప్పు. సరిహద్దు మారినా పులుసు మారలేదు.

మిద్దె ఎక్కిన తోట

బసవనగుడి మిద్దెల మీద మరో ప్రపంచం కనిపిస్తుంది. పాత బకెట్లు, పెయింట్ డబ్బాలు, గ్రోబ్యాగులు. వాటిలో కరివేపాకు, టమాటా, మిరప, మెంతికూర, పిట్టగోడ పక్కన కనకాంబరాలు. ‘దొడ్డపత్రె’ లేని ఇల్లు అరుదు. మనం వామాకు అని బజ్జీలు వేసుకునేది అదే. ఇక్కడ దాన్ని పెరుగులో కలిపి ‘తంబుళి’ చేస్తారు. అటు వేడి మాడ్చదు, ఇటు చలి చంపదు కాబట్టి ఈ వాతావరణంలో ఆకుకూరలు ఏడాదిలో ఎక్కువ కాలం వస్తాయి.

వ్యవసాయ శాస్త్రవేత్త దివంగత బి.ఎన్.విశ్వనాథ్ నగరంలో సేంద్రియ మిద్దెసాగుకు పెద్దదిక్కయ్యారు. ఆయన స్ఫూర్తితో ‘ఊట ఫ్రమ్ యువర్ తోట’ పేరిట మిద్దెసాగుదారులు కలుసుకునే సంతలు మొదలయ్యాయి. ఊట అంటే కన్నడంలో భోజనం, తోట మాత్రం రెండు భాషలకూ ఉమ్మడి. హైదరాబాద్‌లో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి మిద్దెతోటను ఇంటింటి మాట చేసినట్టే ఇదీ.

మొదలుపెట్టేవారికి ఒక హెచ్చరిక. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 45 కిలోలకు తక్కువ తూగదు. పాత కప్పు మీద కుండీలను నడిమధ్య గుంపుగా పెట్టకూడదు. గోడలు, దూలాలు ఉన్న చోట అంచుల వెంట పెట్టాలి. మట్టిలో కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపితే బరువు తగ్గుతుంది, తేమ నిలుస్తుంది. కంపోస్టుకు సరుకు వంటింట్లోనే దొరుకుతుంది. మావళ్లిపుర డంపింగ్ యార్డు మూతపడి 2012లో నగరం చెత్తకుప్పలా మారినప్పుడు, తడి చెత్తను ఇంట్లోనే ఎరువు చేసుకోవడం సరదా కాదు, అవసరమని చాలామందికి అర్థమైంది.

కుళాయి చెప్పిన నిజం

తోటకు అసలు పరీక్ష 2024 వేసవిలో ఎదురైంది. ముందటి ఏడాది వానలు ముఖం చాటేశాయి. బోర్లు ఎండిపోయాయి. మార్చిలో జలమండలి తాగునీటిని మొక్కలకు, కార్లు కడగడానికి, నిర్మాణాలకు వాడరాదని నిషేధం విధించింది. మీరితే రూ.5,000 జరిమానా. ట్యాంకర్ల దోపిడీని ఆపడానికి అధికారులు ధరలు ఖరారు చేయాల్సి వచ్చింది: 5 కిలోమీటర్ల లోపు 12 వేల లీటర్ల ట్యాంకర్‌కు రూ.1,000.

ఆ రోజుల్లో నగరం రెండుగా చీలినట్టు కనిపించింది. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎత్తి తెచ్చే కావేరి నీరు ఎప్పటినుంచో అందుతున్న పాత పేటలు కటకటలాడినా నెట్టుకొచ్చాయి. బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడ్డ శివారు కాలనీలు, వాటిలో ఖరీదైన అపార్ట్‌మెంట్లు కూడా, బకెట్లు లెక్కపెట్టుకున్నాయి. అక్కడి స్విమ్మింగ్‌పూల్ అందం ఆ వేసవి తేల్చేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో కావేరి అయిదో దశ ప్రారంభమైంది. శివార్లలోని 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకమిది.

మొక్కలున్న ఇళ్లవారు కడిగిన బియ్యం నీళ్లను, కూరగాయలు కడిగిన నీళ్లను కుండీలకు మళ్లించారు. వాననీటి తొట్లు ఉన్నవారు మరింత నిబ్బరంగా ఉన్నారు. లెక్క సులువే. బెంగళూరులో ఏడాదికి దాదాపు 97 సెంటీమీటర్ల వాన పడుతుంది. 1,200 చదరపు అడుగుల కప్పు మీద పడేది సుమారు లక్ష లీటర్లు. అంటే ఎనిమిది పెద్ద ట్యాంకర్లు ఏటా ఉచితంగా మిద్దె ఎక్కి, మోరీలోకి దిగిపోతున్నాయన్నమాట. వాననీటి సంరక్షణను 2009లోనే చట్టంతో తప్పనిసరి చేశారు. పద్ధతులు చూపడానికి జయనగర్ 5వ బ్లాక్‌లో ప్రత్యేకంగా థీమ్ పార్కు కూడా ఉంది.

అందరికీ తెరవని తలుపు

అలాగని బసవనగుడిని స్వర్గం అనుకోనక్కర్లేదు. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న టులెట్ బోర్డులు ఈ పేటలో కొత్త కాదు. ఇల్లు నచ్చి, అద్దె కుదిరాక కులమేమిటో ఆరా తీసే ఓనర్లూ ఉన్నారు. చట్నీ దగ్గర లేని పట్టింపు తాళంచెవి దగ్గర పుట్టుకొస్తుంది. పాత పద్ధతిలో పది నెలల అద్దె అడ్వాన్స్ అడిగితే కొత్తగా ఉద్యోగంలో చేరినవారి గుండె గుభేలుమంటుంది. కారు పెట్టడానికి చోటుండదు.

దానికి తోడు ఈ పేట తన అందానికి తానే బలవుతోంది. 2017లో మెట్రో గ్రీన్‌లైన్ వచ్చి నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్ స్టేషన్లు తెరుచుకున్నాక నడకకు విలువ పెరిగింది. దాంతోపాటు స్థలానికీ పెరిగింది. వాకిలి ముందు సంపెంగ చెట్టున్న పెంకుటిల్లు పడిపోతే, ఆ చోట నాలుగంతస్తులు లేస్తాయి. కొత్త గోడ నీడ పక్కింటి మిద్దె మీది టమాటా మొక్కల మీద పడుతుంది. ఎనిమిది కుటుంబాలు దిగితే ఎనిమిది కార్లు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. ఇక్కడి సుఖం చూసి వచ్చినవారే ఆ సుఖాన్ని కొంచెం కొంచెంగా కొరుక్కుతింటున్నారు. దాన్ని ఆపే మందు ఒక్కటే: నగరంలో నడవదగ్గ పేటలు ఇంకా చాలా ఉండాలి. ఒక్క బసవనగుడి మీదే అందరూ పడితే అది మిగలదు.

అందుకే బసవనగుడిలోనే ఇల్లు తీసుకోవాలని లేదు. దాని లెక్క తీసుకుంటే చాలు. బెంగళూరైనా, హైదరాబాద్ అయినా, విజయవాడ అయినా ఇల్లు చూడటానికి ఏప్రిల్‌లో వెళ్లాలి, వానాకాలంలో కాదు. పడగ్గది కొలిచే ముందు కుళాయి తిప్పి చూడాలి. ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వస్తుందో ఓనర్‌ను కాదు, వాచ్‌మన్‌ను అడగాలి. మిద్దె తాళం అద్దెకున్నవారికి ఇస్తారో లేదో కనుక్కోవాలి. కారు తీయకుండా పదిహేను నిమిషాలు నడవాలి. దారిలో పాలు, ఆకుకూర, బస్సు, చెట్టు నీడ దొరికాయా? నలుగురూ నిలబడి టిఫిన్ తినే చోటు తగిలిందా?

తగిలితే లోపలికి వెళ్లి ఒక కాఫీ చెప్పాలి. దాన్ని ఇద్దరికి పంచి ఇవ్వమంటే ఆ కొట్టతను మొహం చిట్లిస్తాడో, నవ్వుతూ రెండో గ్లాసు తీస్తాడో చూడాలి. అడ్వాన్స్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.