తొలి ముక్క



తెలుగు పంతులమ్మ పేకముక్కల గురించి వ్రాయడమేమిటని కొందరు నొసలు ముడివేయవచ్చును. ముందుగా ఆ సంగతి చెప్పుకొందాం. మా మామగారు రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. హోసూరులో మా ఇంటి వసారాలో ఆదివారం సాయంత్రాలు నలుగురు పెద్దలు చేరి కాంట్రాక్టు బ్రిడ్జి ఆడేవారు. పైసా పందెం ఉండేది కాదు. ఒక వారం నాలుగవవారు రాలేదు. “అమ్మాయ్, నువ్వు వచ్చి కూర్చో” అని మామగారు నన్ను పిలిచారు. అలా ముప్పై యేళ్ళు దాటిన తరువాత ఆ ఆట నాకు అబ్బింది. అది అదృష్టం మీద నడిచే ఆట కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన రమ్మీ కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటయని, అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచడంలో ఉన్నపాటిదేనని పోల్చి చెప్పింది. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో మన దేశపు జంట ఈ ఆటలో బంగారు పతకం గెలిచింది.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. 52 ముక్కలను నలుగురికి తలా 13 పంచుతారు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జంట. మొదట పాట జరుగుతుంది. తాము ఎన్ని పట్టులు గెలవగలరో, ఏ రంగు తురుపుగా ఉండాలో, అసలు తురుపే వద్దో వంతులవారీగా పాడతారు. పాట దక్కించుకొన్న వ్యక్తికి ఎడమచేతి వైపున ఉన్నవారు తొలి ముక్క వేయాలి. అది బల్ల మీద పడిన తరువాతనే పాటగాని జతగాడు తన ముక్కలన్నీ పరచి చూపుతాడు. ఆ పరచిన చేతినే డమ్మీ అంటారు. అంటే తరువాత ప్రతివారూ తమ చేయీ డమ్మీ చేయీ చూసుకొని ఆడతారు. తొలి ముక్క వేసేవారికి మాత్రం తన 13 ముక్కలు, చెవిన పడిన పాట, ఈ రెండే ఆధారం.

అందుకే పెద్దలు కొన్ని సూత్రాలు ఏర్పరచారు. తురుపు లేని ఆటలో మన పొడవైన రంగులో పైనుంచి నాలుగవ ముక్క వేయాలి. రాజు, రాణి, జాకీ వరుసగా ఉంటే రాజును వేయాలి. తురుపు ఉన్న ఆటలో ఆసును చేతిలో దాచుకొని అదే రంగులో చిన్న ముక్క వేయరాదు. ఒంటి ముక్క ఉంటే దానిని వేసి, రెండవసారి ఆ రంగు వచ్చినప్పుడు తురుపుతో కొట్టాలని చూడవచ్చును. జతగాడు ఏదైనా రంగు పాడి ఉంటే, గట్టి కారణం లేనంతవరకు ఆ రంగే వేయాలి.

ఈ ముక్క జతగానికి జాబు కూడా. నాలుగవ ముక్కగా 4 వేశామనుకోండి. 11లోంచి 4 తీసివేస్తే 7. మిగిలిన మూడు చేతులలో అంతకు పెద్దవి ఏడు ఉన్నాయని జతగాడు లెక్కకట్టగలడు.

ఇక నా సంగతి. ఒకనాడు నా చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, 7, 4, 2 ఉన్నాయి. ఆటీనులో 9, 5 మాత్రమే. నా జతగాడైన మామగారు మొదట ఒక ఆటీను పాడారు. నా కుడివైపు పెద్దమనిషి తురుపు లేకుండా ఒకటి పాడగా, ఆయన జతగాడు దానిని మూడుకు పెంచాడు. అంటే వారు తొమ్మిది పట్టులు గెలవాలి. నేను నా ఇస్పేట్లు చూసి మురిసిపోయాను. సూత్రం గుర్తున్నది కదా యని ఇస్పేటు 4 వేశాను. పాటగాని చేతిలో ఆసు, రాణి రెండూ ఉన్నాయి. శ్రమ లేకుండా రాణితో పట్టు కొట్టాడు. సరిగ్గా ఆ పట్టుతోనే అతనికి తొమ్మిది నిండాయి. మామగారి వద్ద ఆటీను రాజు, రాణి, జాకీ, 10, 6 ఉన్నాయి. మళ్ళీ చేయి దొరకడానికి డైమను ఆసు కూడా ఉన్నది. నేను ఆటీను 9 వేసి ఉంటే నాలుగు ఆటీన్లు, ఒక డైమను మాకు వచ్చి, వారి ఆట ఒక పట్టు తగ్గి పడిపోయేది.

మామగారు కోప్పడలేదు. “నీ చేయి నువ్వు చూసుకొన్నావమ్మా. నా పాట వినలేదు” అన్నారు.

ఆ మాట పూర్తిగా బోధపడడానికి ఒక విద్యార్థిని పోగొట్టుకోవలసి వచ్చింది. 2006లో తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసి తమిళాన్ని ఒకటవ తరగతి నుంచి అంచెలంచెలుగా తప్పనిసరి చేసిన తరువాత, తెలుగు తరగతిలో ఒక్కొక్క బిడ్డా ఎంత విలువైనదో మనకందరికీ తెలిసినదే. ఒక జూన్ నెలలో మూడవ తరగతిలో చేరడానికి ఒక అబ్బాయి వచ్చాడు. తండ్రి “చూద్దాం టీచరమ్మా” అన్నాడు. వెంట వచ్చిన అవ్వ మాత్రం “మా వానికి మడక కట్టేది, గింజ చల్లేది అన్నీ తెలుసు” అని సంతోషంగా చెప్పింది. నేను తలవూపి రిజిస్టరులో పేరు వ్రాసుకొన్నాను.

మొదటి రోజున నా బలం చూపాలని పద్యం పాడి, తాత్పర్యం చెప్పి, ఆ తరువాత బొమ్మలకు పేర్లు వ్రాయమన్నాను. అబ్బాయి దున్నే పనిముట్టు బొమ్మ క్రింద ‘మడక’ అని వ్రాశాడు. నేను ఎర్రసిరాతో కొట్టివేసి ‘నాగలి’ అని వ్రాశాను. పది రోజులకు తండ్రి వచ్చి బదిలీ పత్రం అడిగాడు. కారణం అవ్వ చెప్పింది. “మన ఇంట్లో మాట్లాడే తెలుగు తప్పంట అవ్వా” అన్నాడట మనుమడు. ఆ రాత్రి నిఘంటువు తెరిచాను. మడక అందులో ఉన్న మాటే.

అవ్వ ఆనాడు తన పాట స్పష్టంగా పాడింది. ఆమె నా జతగత్తె అని నేను గుర్తించలేదు. తండ్రి ‘చూద్దాం’ అన్నది కూడా పాటే. నాకు సమయం తక్కువ ఉన్నదని అది చెబుతున్నది. నేను నా ఇస్పేట్లే చూసుకొన్నాను.

అప్పటినుంచి పిల్లలను చేర్చుకొనే రోజున వెంట వచ్చిన పెద్దలతో కొంతసేపు మాట్లాడి, వారి నోట వచ్చిన రెండు మూడు మాటలు నోటుపుస్తకంలో వ్రాసుకొంటున్నాను. మొదటి రోజున నల్లబల్ల మీద ఆ మాటలే వ్రాస్తాను. పాఠ్యపుస్తకపు మాటను మానలేదు. మడక ప్రక్కన నాగలి కూడా చేరుతుంది. పద్యమూ వస్తుంది, కాని తన వేళకు. ఇలా చేసిన తరువాత కూడా కొందరు పిల్లలు వెళ్ళిపోయారు. సరియైన తొలి ముక్క వేసినంత మాత్రాన ఆట గెలుస్తామన్న హామీ లేదు. అయితే జతగాని పాట వినకుండా ఓడిపోవడం వేరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. బడిలో చేర్చేటప్పుడు మౌనంగా ఉండకండి. మీ ఇంట్లో ఏ మాటలు, ఏ కథలు, ఏ పనులు బిడ్డకు తెలుసో చెప్పండి. జతగాడు పాడకపోతే తొలి ముక్క వేసేవారు చీకటిలో తడుముకోవలసినదే. ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చే జూన్‌లో పుస్తకం తెరవడానికి ముందు ఒక్క నిమిషం ఆగి, ఆ పాట వినండి.