ఊ కొట్టేవాళ్ళు లేని కథ

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్కల మా వంటి ఇండ్లలో తెలుగు నోట్లో ఉంది, చెవిలో ఉంది, కంట్లో మాత్రం లేదు. బడిలో మేము చదివింది కన్నడం. చందమామ కూడా కన్నడంలోనే చదివినాము. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక కూర్చొని నేర్చుకున్నవి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళ వంటివి కాబట్టి పెద్ద కష్టం కాలేదు. మా తర్వాతి పిల్లలది ఇంగ్లీషు మీడియం. బెంగళూరులో ఉన్నవాళ్ళకు, హోసూరులో ఉన్నవాళ్ళకు, అమెరికా పోయినవాళ్ళకు తెలుగు పుస్తకం ఇస్తే బొమ్మలు చూసి పక్కన పెడతారు. వాళ్ళకు మిగిలింది చెవి దారి ఒక్కటే. అందుకే మా ఇంట్లో పాడ్‌కాస్ట్ మాట లేచింది. అవ్వ కథలు, పెద్దనాయన చెప్పే ఊరి సంగతులు ఫోన్లో పట్టి, వారానికి ఒకటిగా అందరికీ పంపుతున్నాము.

రికార్డు చేయడం సులభమే. వినేవాళ్ళను కడదాకా కూర్చోబెట్టడం ఒక విద్య. ఆ విద్య కోసం ఇంగ్లీషు వీడియోలు చాలా చూసినాము. చూస్తా చూస్తా మాకు తోచింది ఏమంటే, వాళ్ళు చెప్పే ఉపాయాలు చాలావరకు మన అరుగుల మీద ముందునుంచీ ఉన్నవే.

మొదటిది, ఊ కొట్టడం. కన్నడంలో హూంగుట్టడం అంటారు. మన కథ ఒక్కరు చెప్పేది కాదు, ఇద్దరు కలిసి నడిపేది. చెప్పేవాళ్ళు ఒక మాట అంటారు, వినేవాళ్ళు ఊ అంటారు. ఊ మందమైతే చెప్పేవాళ్ళు గొంతు పెంచుతారు. ఊ ఆగితే పిల్లోడు నిద్రపోయినాడని దుప్పటి కప్పుతారు. ఎనభై దాటిన మా అవ్వ ముందర ఫోన్ పెట్టి కథ చెప్పమంటే, రెండు మాటలు చెప్పి ఆపేసింది. "ఏమ్రా ఇది, ఊ అనకుండా కూచోనుంది? దీనికి నేనేల చెప్పల్ల?" అనింది. ఎదురుగా మనవరాలిని కూర్చోబెట్టినాము. అవ్వ గొంతు మారిపోయింది. ఇరవై నిమిషాలు ఏకధాటిగా చెప్పింది. ఆ పిల్ల ఊ కొట్టిన శబ్దం కూడా రికార్డులో అట్లే ఉంచినాము. ఎక్కడో దూరంలో వినే పిల్లలు తెలియకుండానే ఆ పిల్లతో కలిసి ఊ అంటున్నారు.

బుర్రకథ వాళ్ళకు ఈ మర్మం బాగా తెలుసు. నడుమ కథకుడు తంబుర పట్టుకొని ఆడతా పాడతా చెప్తాడు. అటొకరు ఇటొకరు గుమ్మెట వాయిస్తారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం, అంటే అప్పటి లోకం సంగతులు. వాళ్ళు వంత పాడతారు, అడ్డం తగులుతారు, జనం మనసులో ఉన్న సందేహాన్ని జనం తరఫున అడుగుతారు. బుర్రకథను ఊరూరికీ తీసుకుపోయిన షేక్ నాజర్ (1920-1997)కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఒంటరిగా మైకు ముందర కూర్చొని మాట్లాడే మా వంటివాళ్ళకు ఆయన జట్టులో పెద్ద పాఠం ఉంది. పక్కన ఒక అమాయకపు గొంతు ఉండాలి. "అదెట్లా?" అని అడిగేవాళ్ళు ఉండాలి.

రెండోది, కథ ఎక్కడ మొదలుపెట్టాలి అనేది. చింతామణి తాలూకా కైవారమే భారతంలోని ఏకచక్రపురమని మన పక్క నమ్మకం. బకాసురుడి కథను పాండవుల పుట్టుక నుంచి మొదలుపెడితే పిల్లలు జారుకుంటారు. అవ్వ అట్లా చెప్పదు. "ఒక ఇంట్లో ఏడుస్తా ఉండారు" అని ఎత్తుకుంటుంది. ఎందుకు ఏడుస్తున్నారు? రేపు వాళ్ళ ఇంటి వంతు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి రాక్షసుడికి పోవాలి. ఇంట్లో ఎవరు పోవాలి? తండ్రి నేనంటాడు, తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది. ఆ ఇంట్లోనే బాడుగకు ఉన్నట్టు కుంతి, ఐదుగురు కొడుకులు ఉన్నారని చెప్పేటప్పటికి వినేవాళ్ళు కదలరు. భీముడి పేరు రాకముందే కథ మనలను పట్టేసుకుంది. పేర్లు, వంశాలు తర్వాత వస్తే చాలు. ముందు ఆపద రావాలి.

మూడోది పిట్టకథ. హరికథ దాసులు పెద్ద కథ మధ్యలో చిన్న కథ చెప్పి నవ్వించి, మళ్ళీ అసలు దారికి వస్తారు. ఆ కళకు పితామహుడని పేరున్న ఆదిభట్ల నారాయణదాసు (1864-1945) కాలం నుంచీ ఇది అందరికీ తెలిసిన పద్ధతే. కానీ పిట్టకథ పోయిన దారినే తిరిగి రావాలి. మా పెద్దనాయన బాగేపల్లి సంత గురించి చెప్తా, చిత్రావతి వరదకు పోయి, అక్కడి నుంచి ఎవరి పెళ్ళికో పోతాడు. అది కోయము. చివర్లో "సరే, సంతలో ఎద్దు ఏమైంది?" అని ఒకరు గుర్తుచేస్తే చాలు, ఆయన అక్కడికే వచ్చేస్తాడు.

నాలుగోది, ఎక్కడ ఆపాలి అనేది. అమెరికాలో 2014లో వచ్చిన సీరియల్ అనే పాడ్‌కాస్ట్ ఒకే హత్య కేసును 12 భాగాలుగా చెప్పి, లోకమంతా వారం వారం ఎదురుచూసేటట్టు చేసింది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో చేసింది వేరేనా? మణిసిద్ధుడు కాశీకి పోతా తోడు రమ్మంటే, గోపుడు ఒక షరతు పెడతాడు. మజిలీకి ఒక కథ చెప్పాల. దారిలో వింత కనిపిస్తే దాని వెనుక కథ చెప్పాల. మజిలీ అంటే ఎపిసోడే. ఇప్పుడు కాలిఫోర్నియా నుంచి కౌముది నడిపే కిరణ్‌ప్రభ గారు ఒక్కొక్కరి జీవితాన్ని భాగాలు భాగాలుగా చెప్తారు. హర్షణీయం పాడ్‌కాస్ట్‌లో కథలు, కథకుల గొంతులు వినొచ్చు. తెలుగు చదవలేని మా బంధువులు కూడా ఇవి వింటారు. అక్షరం అడ్డం రాలేదు.

మేము చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏది ఎక్కడ ఆగిపోతుందో కనిపెట్టడమే మా కూలి. కథలను కూడా అట్లే పరీక్ష చేస్తాము. బాగేపల్లి నుంచి బెంగళూరు 44వ నంబరు హైవే మీద ఇంచుమించు నూరు కిలోమీటర్లు. కారులో కథ పెట్టి, వెనక సీటు పిల్లలను గమనిస్తాము. ఏ నిమిషంలో కిటికీ చూసినారు, ఏ నిమిషంలో ఫోన్ అడిగినారు, రాసుకుంటాము. వర్ణన ఎక్కువైన చోట పోతారు. మాట మాటకు మాట వచ్చే చోట నిలబడతారు. శబ్దం వచ్చే చోట ఇంకా బాగా నిలబడతారు. రేష్మె పురుగులు చివరి జ్వరం దాటినాక రాత్రిపూట ఆకు తింటా ఉంటే సన్న వాన పడినట్టు ఉంటుంది. ఆ శబ్దం అర నిమిషం వినిపించి, "ఇదేమో చెప్పండి చూద్దాం" అన్నాము. డాలస్‌లో ఉండే పిల్ల వాన అనింది. వాళ్ళ నాయన పుట్టి పెరిగింది ఆ శబ్దంలోనే. ఆ రాత్రి వాళ్ళింట్లో చాలాసేపు తెలుగు మాటలు నడిచినాయంట.

భాష సంగతి ఒకటి. మన తెలుగులో సగం కన్నడం ఉంది, బయటివాళ్ళు నవ్వుతారని కొందరు పెద్దలు మైకు చూస్తానే టీవీ తెలుగు ఎత్తుకుంటారు. దయచేసి వద్దు. కైవారం తాతయ్య నారేయణ యోగి గాజులమ్మి బతికిన మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ పాడినాడు. ఆయన పాటలు ఈ నేల మీద నిలిచింది భజన చేసే నోళ్ళలో, వినే చెవుల్లో. ఉండాది, చెప్పల్ల, యాడికి అనే మాటలు ఏ పుస్తకం నుంచీ మా పిల్లలకు రావు. మీ గొంతులో నుంచే రావాలి. అవ్వ వయసు చూస్తే, ఈ పనిని వచ్చే ఏడుకు వాయిదా వేసేది కాదు.

కాబట్టి మన బంధువులందరికీ ఒక మనవి. ఈసారి పండుగకు ఊరికి వచ్చినప్పుడు ఇంటి పెద్దలతో పది నిమిషాల కథ ఒకటి పట్టండి. ఫ్యాను ఆపండి, ఫోన్‌ను చెంబు పక్కన కాకుండా మెత్తటి గుడ్డ మీద పెట్టండి. ఎదురుగా ఒక పిల్లనో పిల్లోడినో కూర్చోబెట్టండి. ఊ కొట్టడం రాకపోతే ముందు అది నేర్పండి.