అరవై రోజుల గడువు

నెల తిరగని బిడ్డ పచ్చబడితే మన ఇళ్లలో కంగారుపడేవాళ్లు తక్కువ. పొద్దుటెండలో పడుకోబెడతారు, పసరు కోసం ఆరా తీస్తారు, పది రోజుల్లో అదే పోతుందని ధీమాగా ఉంటారు. చాలాసార్లు ఆ ధీమా నిజమే అవుతుంది. నెలలు నిండి పుట్టిన శిశువుల్లో సగానికి పైగా మొదటి వారంలో కామెర్లు కనిపిస్తాయి, రెండు వారాల్లో ఎక్కువమందికి తగ్గిపోతాయి. చిక్కల్లా ఆ మిగిలిన కొద్దిమందితోనే.

రాయ్‌పూర్ నుంచి ధమ్‌తరీ వెళ్లే దారిలో ఉన్న అభన్‌పూర్‌లో మా పిన్ని కూతురి కాపురం. వార్తల పని మీద అటు వెళ్లినప్పుడు పాపను చూడటానికి ఆగాను. అప్పటికి 30 రోజులు. బొద్దుగా ఉంది, పాలు బాగా తాగుతోంది. కళ్లు మాత్రం పసుపు పూసినట్టున్నాయి. "తల్లిపాల వల్లేనట అన్నయ్యా, డాక్టరుగారు ఎండలో పెట్టమన్నారు" అంది చెల్లెలు.

ఆ మాటను ఒప్పుకోనిది మితానిన్. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన గ్రామ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ అది. ఆ మాటకు అక్కడి భాషలో నేస్తమని అర్థం. ఆమె ఉతకడానికి పడేసిన గుడ్డలు అడిగి చూసింది. విరేచనం సున్నం కలిసిన మట్టిలా పాలిపోయి ఉంది. మూత్రం మరక ముదురు పసుపు. "ఇవాళే రాయ్‌పూర్ తీసుకెళ్లండి" అంది.

కాలేయంలో తయారయ్యే పైత్యరసం పేగులోకి చేరితేనే విరేచనానికి రంగు వస్తుంది. ఆ నాళాలు పూడుకుపోతే రసం కాలేయంలోనే నిలిచి దాన్ని పాడుచేస్తుంది. దీన్ని బైలియరీ అట్రీషియా అంటారు. యూరప్‌లో సుమారు 15,000 నుంచి 20,000 జననాలకు ఒకటి. తైవాన్‌లో ఇంకా ఎక్కువ. చికిత్స లేకపోతే ఎక్కువమంది పిల్లలకు రెండేళ్లు దాటవు. జపాన్ వైద్యుడు మోరియో కసాయ్ 1950లలో దీనికి శస్త్రచికిత్స కనిపెట్టారు: పూడిన నాళాలను తీసేసి పేగును నేరుగా కాలేయానికి కుట్టడం. 60 రోజుల్లోపు చేస్తే ఫలితం మెరుగు. ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గుతుంది.

పాపకు 44వ రోజున ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు కళ్లు తెల్లబడ్డాయి. కానీ గెలిచామని ఇంట్లో ఎవరూ అనడం లేదు. ఈ ఆపరేషన్ తర్వాత కూడా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కాలేయ మార్పిడి తప్పదు. ఆ దారి మన దేశంలో 1998లో తెరుచుకుంది. ఢిల్లీ అపోలోలో తండ్రి కాలేయ భాగం పొందిన తమిళనాడు పసివాడికి ఉన్నదీ ఈ జబ్బే. అతను పెద్దయి డాక్టరయ్యాడు. అయితే ఆ ఖర్చు భరించగల ఇళ్లెన్ని?

అందుకే తైవాన్ చేసిన పని ముచ్చటేస్తుంది. 2004 నుంచి దేశమంతటా తల్లులకు మలం రంగులు ముద్రించిన కార్డు ఇచ్చింది. సకాలంలో ఆపరేషన్ అందుకునే పిల్లలు పెరిగారు. మన దగ్గర యంత్రాంగం లేక కాదు. 2011లో మొదలైన పథకం ప్రకారం ఆశా కార్యకర్త 14, 21, 28, 42వ రోజుల్లోనూ బాలింత గడప తొక్కాలి. ఆ నాలుగూ గడువు లోపలివే. నేను చూసిన మితానిన్ సంచిలో తూకం, థర్మామీటర్ ఉన్నాయి. రంగుల కార్డు లేదు. ఆమె అనుభవమే కార్డయింది.

అన్ని ఊళ్లలో అంత అనుభవం దొరకదు. కామెర్లు రెండు వారాలు దాటితే రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ ఎంతో చూడమని అడగాలి. విరేచనం పాలిపోతే 14వ రోజు దాకా కూడా ఆగకూడదు. బిడ్డ గుడ్డలు ఉతికే చేతులకే ఈ సంగతి అందరికంటే ముందు తెలుస్తుంది. డాక్టర్లు ఆ చేతులనూ ఒక మాట అడిగితే చాలు.