అమ్మకు నప్పిన బట్టలు

కాలింగ్ బెల్ మోగితే చాలు, అమ్మ గబగబా లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకునేది. వచ్చింది పాలబ్బాయైనా సరే, పక్కింటి పిన్నిగారైనా సరే. "అమ్మ పడుకుందండీ" అని చెప్పడం నాకు అలవాటైపోయింది. నిజానికి అమ్మ పడుకునేది కాదు. మంచం అంచున కూర్చుని, వచ్చినవాళ్లు ఎప్పుడు వెళ్తారా అని ఎదురుచూస్తూ ఉండేది.

కారణం... ఒంటి మీద నైటీ!

సెప్టెంబరులో బాత్రూంలో జారిపడింది. కుడి భుజం ఎముక చిట్లింది. పట్టీ విప్పేసరికి ఎముక అతుక్కుంది కానీ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి అసలే పోదు. చీర కట్టుకోవాలంటే ఆ రెండూ కావాలి కదా. అందుకని నేనే మూడు నైటీలు కొనుక్కొచ్చాను. మెత్తటి రేయాన్, మెడ దగ్గర లేసు, లేత గులాబీ రంగు పూలు. చాలా ఆడంగిగా, ముచ్చటగా ఉన్నాయనుకున్నాను. అమ్మ తొడుక్కుంది, ఏమీ అనలేదు. నాలుగో రోజున మాత్రం అంది: "ఇది బట్ట కాదే అమ్మాయ్, జబ్బు."

అమ్మ ముప్పై ఒక్కేళ్లు టీచరుగా చేసింది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు చీర తప్ప మరొకటి కట్టగా నేను చూడలేదు. ఆదివారం వచ్చిందంటే మా పెరట్లో దండెం నిండా అప్పడాల్లా చీరలే. కుచ్చిళ్లు కత్తిలా నిలబడితేనే క్లాసులో పిల్లలు మాట వింటారని ఆమె నమ్మకం. అలాంటి మనిషికి మెత్తదనం అంటే నీరసం. బిరుసుగా ఉంటేనే గౌరవం.

ఇక నా సంగతి. ఎండాకాలం వస్తే చాలు, 'చల్లచల్లని కాటన్' అంటూ ఫొటోలతో సహా పేజీ నింపేస్తాను. అలాంటివి డజనుకు పైగానే రాసి ఉంటాను. జాకెట్టు హుక్కులు ముందుండాలా వెనకుండాలా, చంక ఎంత వదులుగా ఉండాలి, లంగా బొందు నడుమును కోస్తుందా... వీటి గురించి ఒక్క వాక్యమైనా రాశానా అని వెతుక్కుంటే దొరకలేదు.

నైటీ తర్వాత రెడీమేడ్ చీర తెప్పించాను. పాంటులా తొడుక్కుని హుక్కు పెట్టుకోవడమే. తీరా చూస్తే జార్జెట్. బెజవాడ ఉక్కపోతలో అరగంటకే అమ్మ వీపంతా తడిసిపోయింది. పైగా మెరుపు! "పెళ్లిలో పన్నీరు చల్లడానికి వెళ్తున్నట్టుంది" అని విప్పేసింది. అదింకా బీరువా అడుగునే ఉంది. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా మనసొప్పడం లేదు, రెండు వేలు పోశాను మరి.

దారి చూపించింది ఫిజియోథెరపీ అమ్మాయి. వ్యాయామం చేయిస్తూ ఓ మాట చెప్పింది. తొడుక్కునేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు దూర్చాలట, విప్పేటప్పుడు అది ఆఖరున తియ్యాలట. చిన్న మాటే. కానీ ఆ రాత్రి అమ్మ పాత జాకెట్టు ఒకటి చేతిలో పట్టుకుని చూస్తే అర్థమైంది. ఇందులో ఏ చెయ్యి ముందు పెట్టినా రెండోది ఇరుక్కుపోతుంది.

మా వీధి చివరి దర్జీ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా అమ్మ జాకెట్లు ఆయనవే. అమ్మ రాలేదు, జాకెట్టు మాత్రం వచ్చింది. ఆయన దాన్ని తిరగేసి, "టీచరమ్మగారికి వెనక హుక్కులు ఎవరు పెట్టమన్నారమ్మా?" అన్నాడు. ఎవరూ కాదు, ఒకప్పటి ఫ్యాషన్. పాతికేళ్ల క్రితం మార్చుకుంది, అంతే.

కొత్తది ఇలా కుట్టాడు. బట్ట టూ బై టూ రూబియా. ముందు దాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరేశాడు. నూలు బట్ట కుదించుకునేదేదో కత్తెర పడకముందే కుదించుకోవాలి కదా. క్రాస్‌లో కత్తిరించాడు. బట్టను ఏటవాలుగా కోస్తే కాస్త సాగుతుంది. చంక కింద అరచేయంత చదరపు ముక్క కలిపాడు. హుక్కులు ముందుకొచ్చాయి, అదీ పెద్దవి. టిచ్ బటన్లు వేద్దామంటే అమ్మ వేళ్లకు నొక్కే బలం లేదు. వెల్‌క్రో పెట్టి చూశాం కానీ చీర పోగుల్ని పట్టుకుని లాగేసింది. విప్పినప్పుడల్లా ఆ చర్రుమనే శబ్దమొకటి!

లంగా విషయంలో నేనే పట్టుబట్టాను. అమ్మ నడుము చుట్టూ బొందు ఒరుసుకుని నల్లటి చార పడింది. మీ ఇంట్లో పెద్దావిడ నడుము చూడండి, ఉండే ఉంటుంది. 2024లో వార్ధా, బీహారు డాక్టర్లు 'బీఎంజే కేస్ రిపోర్ట్స్' అనే వైద్య పత్రికలో ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ల గురించి రాశారు. ఏళ్ల తరబడి బిగుతైన కట్టు ఒరుసుకున్న చోట పుండు పడి, మానక, చివరికి చర్మ క్యాన్సరుగా తేలింది. అరుదే. అయినా అది చదివాక ఊరుకోలేకపోయాను. సన్న బొందు తీసేయించి, రెండంగుళాల వెడల్పు నూలు పట్టీ, వెనకవైపు కాస్త ఎలాస్టిక్ వేయించాను. అమ్మ ఇప్పటికీ దాన్ని 'నిక్కరు నడుం' అనే అంటుంది.

ఇక చీర. మెత్తటిది కొందామని ఓ శనివారం మంగళగిరి వెళ్లాను. ఒంటి నిండా ఒకే రంగు, అంచున చిన్నచిన్న గోపురాల నిజాం బోర్డరు. ఆ ఊరి నేత అందమే అది. ఎనభై కౌంటు, వంద కౌంటు అని చూపిస్తుంటే తేడా ఏమిటని అడిగాను. పౌను నూలులో 840 గజాల చుట్టలు ఎన్ని వస్తే అంత కౌంటట. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుందన్నమాట. కానీ ఏది ముట్టుకున్నా చేతికి బిరుసుగానే తగిలింది. మగ్గం మీద కూర్చున్న ఆయన నవ్వి, "నేసే ముందు పడుగుకు గంజి పెడతాం కదమ్మా. పది ఉతుకులు పడనీ, అప్పుడు చూడు. మెత్తటి చీర కొట్లో దొరకదు, కట్టుకున్నవాళ్ల ఇంట్లో ఉంటుంది" అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మ బీరువా తీశాను. అడుగున వెంకటగిరి చీర, లేత పసుపు మీద సన్నటి జరీ. ఎప్పుడో ఎరియర్స్ వచ్చినప్పుడు కొనుక్కుంది. పిండి పిండి ఉతుకుల మీద ఉల్లిపొర అయిపోయింది. పాతబడిందని పక్కన పెట్టేసింది. దాన్ని మళ్లీ ఉతికి, గంజి పెట్టకుండా ఆరేశాను. గంజి పెట్టిన చీర కుచ్చిళ్లు పోయాలంటే వేళ్లలో ఎంత బలం కావాలో ఎడమ చేత్తో ప్రయత్నిస్తే తెలుస్తుంది. ఇదైతే చెప్పినట్టు వింటుంది.

కుచ్చిళ్లు ముందే పోసి నడుము దగ్గర కుట్టించేద్దామన్నాను.

"చీర కోసేస్తావా ఏమే?"

"కొయ్యనమ్మా. టాకాలే. నీ చెయ్యి బాగయ్యాక లాగేస్తే ఊడొస్తాయి."

"లాగేస్తావుగా?"

"లాగేస్తా."

జనవరి వచ్చింది. పెన్షన్‌కు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇంటి నుంచే ఫోన్లో చేసేయొచ్చని చెప్పాను. "ఆఫీసుకే వెళ్దాం. మావాళ్లంతా వస్తారు" అంది. ఆ మాట విని నాలుగు నెలలైంది. మరుక్షణం మళ్లీ ముఖం వాడిపోయింది. "బతికే ఉన్నానని చూపించుకోవడానికి నైటీలో వెళ్లనా ఏమిటి?"

జాకెట్టు, లంగా, చీర మంచం మీద పెట్టాను. సాయానికి దగ్గరికి వెళ్లబోతే చేత్తో ఆపింది, ఎడమ చేత్తోనే. తలుపు వేసుకుంది. నేను హాల్లో గడియారం కింద కూర్చున్నాను. పది నిమిషాలయ్యాయి. లోపల పిన్ను కిందపడిన చప్పుడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాను. పదిహేను... ఇరవై.

తలుపు తెరుచుకుంది. పైట కొంచెం వాలింది, ఒక కుచ్చి పక్కకు జరిగింది. గంజి లేకపోవడంతో చీర ఒంటికి అతుక్కుని, అమ్మ ఎంత చిక్కిపోయిందో మొదటిసారి కనపడింది. నుదుటన మాత్రం బొట్టు గుండ్రంగా, సరిగ్గా మధ్యలో. ఎడమ చేత్తో ఎన్నిసార్లు దిద్దుకుందో!

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. పక్కింటి పిన్నిగారు, పెరుగు తోడు కోసం. నేను అలవాటు కొద్దీ నోరు తెరిచేలోగా అమ్మే వెళ్లి తలుపు తీసింది. గిన్నె అందుకుంటూ నావైపు తిరిగి, "ఆ ఆకుపచ్చది, నీలం అంచుది కూడా తీసి పెట్టు. వచ్చేటప్పుడు దర్జీకి ఇచ్చేసి వద్దాం" అంది.